తెలిసిన జవాబు తప్పెలా అయింది? – పరీక్షలూ, అప్పమాదమూ



పరీక్ష రాసి వచ్చిన పిల్లల నోట మనం తరచుగా వినే మాట ఒకటుంది. "తెలిసిన ప్రశ్నేనమ్మా, చూసుకోకుండా తప్పు పెట్టేశాను." ఆ మాట విన్న ఇల్లు రెండు రకాలుగా మాట్లాడుతుంది. ఒకటి తిట్టడం. "ఒళ్లు దగ్గర పెట్టుకోవడం నీకెప్పుడు వస్తుందిరా?" రెండోది ఓదార్చడం. "పోన్లే నాయనా, మన రాత అట్టా ఉంది." తిట్టే ఇల్లు తప్పంతా పిల్లవాడి మీద వేస్తుంది. ఓదార్చే ఇల్లు తప్పంతా తలరాత మీద వేస్తుంది. ధమ్మం తీసుకున్న మనం ఈ రెంటిలో ఏది అనాలి? అసలు తెలిసిన జవాబును తప్పుగా గుర్తించడం నైతికమైన తప్పేనా? అయితే ఎవరి తప్పు? ఈ ప్రశ్ననే ఇక్కడ విచారిద్దాం.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయలేం. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరైన జవాబుకు 4 మార్కులు ఇస్తారు, తప్పు జవాబుకు ఒక మార్కు తీసేస్తారు. అంటే తెలిసిన ప్రశ్నకు పొరపాటున పక్క బబుల్ నింపితే రావాల్సిన 4 పోవడమే కాదు, ఉన్నదాంట్లోంచి ఇంకొకటి పోతుంది. మొత్తం 5 మార్కుల తేడా. అలాంటివి పది జరిగితే 50 మార్కులు. ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్ పరీక్షలో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. తప్పు జవాబుకు మూడో వంతు కోత. మూడు తప్పులు చేస్తే ఒక సరైన జవాబు తుడిచిపెట్టుకుపోతుంది. మన వాడల్లోంచి, పేటల్లోంచి ఆ హాలు దాకా వెళ్లిన పిల్ల వెనక అమ్మ కూలి డబ్బులు ఉంటాయి, తాకట్టులో ఉన్న కమ్మలు ఉంటాయి, ఇంట్లో మొదటిసారి ఒక మనిషి ఉద్యోగం చేస్తుందన్న ఆశ ఉంటుంది. కాబట్టి ఏమరుపాటు గురించి మాట్లాడటం మన బతుకు గురించి మాట్లాడటమే.

మన నోట్లో ఉన్న ధమ్మ పదం

తెలుగులో ప్రమాదం అంటే ఇవాళ యాక్సిడెంట్. బస్సు ప్రమాదం, అగ్ని ప్రమాదం అంటాం. కానీ ఆ మాటకు అసలు అర్థం ఏమరుపాటు. పాలీలో పమాదం అంటారు. దానికి ఎదురు మాట అప్పమాదం, అంటే ఏమరకుండా ఉండటం. తుపాను వచ్చేటప్పుడు రేడియోలో, టీవీలో "తీర ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని చెబుతారు చూడండి, ఆ అప్రమత్తతా బుద్ధుడి అప్పమాదమూ ఒకే వేరు నుంచి వచ్చాయి. ధమ్మపదంలో రెండో వర్గానికి పేరే అప్పమాద వర్గం. మహాపరినిబ్బాన సుత్తం ప్రకారం తథాగతుడు కుశినారలో చివరిగా భిక్ఖువులకు గుర్తుచేసింది కూడా దీన్నే. నలభై అయిదేళ్లు చెప్పిన బోధనంతటినీ ఆయన ఆఖరికి ఈ ఒక్క మాటలో పెట్టి వెళ్లిపోయాడు.

పంచశీలలో ఐదో శీలం మనం రోజూ చెప్పుకుంటాం. మత్తుకు దూరంగా ఉంటామని. ఆ శీలంలో మత్తును పమాదానికి చోటు అన్నారు. మత్తు ఎందుకు వద్దు? అది మైల అని కాదు. దేవుడికి కోపం వస్తుందనీ కాదు. అది మనిషిలో ఎరుకను తీసేస్తుంది కాబట్టి. ఈ కారణం అర్థమైతే ఐదో శీలం సారా దుకాణం దగ్గరే ఆగిపోదు. పరీక్ష ముందు రాత్రి రెండింటి దాకా ఫోన్లో రీల్స్ చూడటం సారా తాగడంతో సమానమని నేననడం లేదు. కానీ దాన్నీ అదే ప్రశ్న అడగొచ్చు. ఇది నా ఎరుకను పెంచుతోందా, తగ్గిస్తోందా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఏమరుపాటు పాపమా? కమ్మం అంటే చేతనే అన్నాడు బుద్ధుడు. అంటే మనసులోని ఉద్దేశమే. ఏ పిల్లా కావాలని బి బదులు సి నింపదు. అక్కడ చెడు ఉద్దేశం లేదు కాబట్టి అది పాపం కాదు, నేరం కాదు. దానికి సిగ్గుపడి తల వంచుకోవాల్సిన పని లేదు. అయితే అంతటితో సరిపెట్టుకుంటే సగమే విన్నట్టు. లారీ నడుపుతూ కునికిపాట్లు పడిన డ్రైవర్‌కి ఎవరినీ చంపాలని ఉండదు. అయినా నిద్ర లేకుండా బండి ఎక్కడం, ఎక్కించడం అక్కడ కారణం. ఉద్దేశం లేకపోయినా కారణం ఉంది. ఆ కారణాన్ని తెలుసుకుని తీసేయడం మన చేతిలో ఉంది. ధమ్మం ఇక్కడ తప్పు చేసినవాణ్ణి శిక్షించమనదు, తప్పును వదిలేయమనీ అనదు. కారణం వెతకమంటుంది.

మూడు సమాధానాలు, మూడూ తప్పే

అంగుత్తర నికాయంలో ఒక సుత్తం ఉంది. మనిషికి కలిగే సుఖదుఃఖాలకు కారణం ఏమిటని అడిగితే ఆ కాలంలో కొందరు పూర్వజన్మ కర్మ అనేవారు, కొందరు ఈశ్వరుడి సంకల్పం అనేవారు, కొందరు అసలు ఏ కారణమూ లేదు అనేవారు. బుద్ధుడు మూడింటినీ కాదన్నాడు. ఎందుకంటే ఈ మూడింటిలో ఏది నమ్మినా మనిషికి చేయాల్సిన పని, చేయకూడని పని అన్న వివేకం మిగలదు. ప్రయత్నానికి చోటు ఉండదు.

రిజల్ట్ వచ్చిన రోజు మన ఇళ్లల్లో వినిపించేవి ఈ మూడు సమాధానాలే. తలరాత అంటే మొదటిది. దేవుడు చల్లగా చూడలేదు అంటే రెండోది. లక్ లేదు అంటే మూడోది. మూడింటిలోనూ ఓదార్పు ఉంది, కానీ మూడూ వచ్చే పరీక్షకు పనికిరావు. తలరాత వల్ల 47వ ప్రశ్న తప్పు పోతే 48వ ప్రశ్న జాగ్రత్తగా చదవడం ఎందుకు?

పరీక్షల ముందు పెన్నులకు పూజ చేయించడం, హాల్ టికెట్ దేవుడి పాదాల దగ్గర పెట్టడం మన చుట్టూ చూస్తూనే ఉన్నాం. ధమ్మదీక్ష తీసుకున్న కొన్ని ఇళ్లల్లో దేవుడి పటం పోయింది కానీ ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు హాల్ టికెట్ బుద్ధుడి విగ్రహం ముందో, బాబాసాహెబ్ ఫోటో ముందో పెడుతున్నారు. వందనం చేసి వెళ్లడం మంచిదే, మనసు కుదుటపడుతుంది. కానీ అక్కడ పెడితే మార్కులు వస్తాయనుకుంటే మనం పటం మార్చామే గానీ దారి మార్చలేదు. బుద్ధుడు మార్గదాతే గానీ మోక్షదాత కాదని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో స్పష్టంగా చెప్పారు. దారి చూపిస్తాడు. నడవాల్సింది మనం. మన పేపర్‌లో బబుల్ ఆయన నింపడు.

హాల్లో కూర్చున్న ఐదు అడ్డంకులు

కారణం వెతకమన్నాక ఎక్కడ వెతకాలో కూడా ధమ్మంలో ఉంది. మనసు ఒక చోట నిలవకుండా అడ్డుపడేవి ఐదు అని చెప్పారు. వాటిని నీవరణాలు అంటారు. ధ్యానానికి కూర్చున్న భిక్ఖువు కోసం చెప్పినవే గానీ, ఎండాకాలంలో పాత ఫ్యాను తిరిగే పరీక్ష హాల్లోనూ ఈ ఐదూ కనిపిస్తాయి.

మొదటిది కోరిక. పేపర్ సగంలో ఉండగానే మనసు ర్యాంకు దాకా వెళ్లిపోతుంది. ఏ కాలేజీలో సీటు వస్తుందో, ఊళ్లో ఫ్లెక్సీ ఎక్కడ కడతారో చూసి వస్తుంది. ఈలోపు కళ్లు ప్రశ్న మీద ఉంటాయి గానీ చదవవు.

రెండోది కోపం. పేపర్ కఠినంగా ఇచ్చినవాళ్ల మీద, పక్కన కాళ్లు ఊపేవాడి మీద, మాటిమాటికీ సంతకం అడిగే ఇన్విజిలేటర్ మీద. కోపం ఉన్నంతసేపూ ప్రశ్న శత్రువులా కనిపిస్తుంది. శత్రువును ఎవరూ నిదానంగా చదవరు.

మూడోది మగత. రాత్రి నిద్ర లేకపోవడం, పొద్దున్నే ఖాళీ కడుపుతో రెండు బస్సులు మారి రావడం, లేదా కడుపు నిండా తినేసి రావడం. మగతలో మనసు తెలిసిన దారినే పోతుంది. చూసిన ప్రశ్నలాగే ఉందని అలవాటు జవాబు పెట్టేస్తుంది. అడిగింది వేరే అయి ఉంటుంది.

నాలుగోది ఆందోళన, పశ్చాత్తాపం. పాలీలో ఈ రెంటినీ జంటగా చెప్పారు. ముందు ప్రశ్న గురించి ఆందోళన, వెనక ప్రశ్న గురించి పశ్చాత్తాపం. 30వ ప్రశ్న తప్పు పెట్టానేమో అని తలుచుకుంటూ 31, 32, 33 కూడా పోగొట్టుకుంటారు. ఒక తప్పు మూడు తప్పులు కావడం ఇక్కడే జరుగుతుంది.

ఐదోది సందేహం. ఇది ప్రశ్న గురించిన మంచి సందేహం కాదు. తన గురించిన సందేహం. నేను దీనికి తగినవాణ్ణేనా? సరైన జవాబు పెట్టి, మళ్లీ కొట్టేసి, తప్పు జవాబు పెట్టించేది ఇదే.

మొదటి నాలుగూ అందరు పిల్లలకూ ఉంటాయి. ఐదోది మాత్రం మన పిల్లలకు ఒక పాలు ఎక్కువగా ఉంటుంది. దాన్ని విడిగా చూడాలి.

చూపుల బరువు

ప్రపంచ బ్యాంకు పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 6, 7 తరగతుల మగపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. అందులో అగ్రకులాల పిల్లలూ ఉన్నారు, అంటరానివాళ్లుగా చూడబడిన కులాల పిల్లలూ ఉన్నారు. కాగితం మీద చిక్కుదారుల బొమ్మలు ఇచ్చి బయటికి దారి గీయమన్నారు. కులం మాట ఎత్తనప్పుడు రెండు వర్గాల పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందరి ముందూ పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించి మొదలుపెట్టినప్పుడు కింది కులాల పిల్లలు పూర్తిచేసిన బొమ్మల సంఖ్య స్పష్టంగా తగ్గింది. అవే రకం పిల్లలు, అదే రకం పని. మారింది చుట్టూ ఉన్న చూపు ఒక్కటే.

ఇది చదివితే ఏం తెలుస్తుంది? ఎరుక అనేది మనిషి తలలో ఒంటరిగా ఉండే వస్తువు కాదు. దానికీ పరిస్థితులు కావాలి. అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి పుడతాయన్న పటిచ్చ సముప్పాదం ఇక్కడా వర్తిస్తుంది. నన్ను అందరూ నా కులంగా చూస్తున్నారు అన్న తలంపు మనసులో కొంత చోటు ఆక్రమిస్తుంది. లెక్క చేయడానికి కావాల్సిన చోటు అదే.

బాబాసాహెబ్ తన చిన్ననాటి బడి గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. తరగతిలో ఒక మూల, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవాలి. దాహమేస్తే కుళాయి తాకకూడదు. ప్యూన్ వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూన్ లేని రోజు దాహంతోనే ఉండాలి. ఆలోచించండి. గొంతు ఎండిపోయిన పిల్లవాడు పలకలో ఒక లెక్క తప్పు చేస్తే ఆ తప్పును ఏమరుపాటు అందామా? అలాంటి బడిలోంచి నడిచి 1907లో మెట్రిక్ పాసై, తర్వాత కొలంబియా దాకా, లండన్ దాకా వెళ్లారు ఆయన. దాన్ని చూపించి "ఆయన చదవలేదా, నీకేం తక్కువ" అని పిల్లల్ని పొడవడం మన ఇళ్లల్లో మామూలైపోయింది. ఆయన అంత కష్టపడింది ఆ తర్వాతి పిల్లలకు ఆ దాహం ఉండకూడదని. ఆయన జీవితాన్ని పిల్లల వీపు మీద కర్రగా వాడకూడదు.

ఎవరి ఏమరుపాటుకు ఏ పేరు?

ఇంకో సంగతి కూడా చూడాలి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99 మార్కులు. దిద్దినవాళ్లు 99 బదులు 00 అని బబుల్ నింపారు. పిల్లల్ని మనం దేనికి తిడతామో సరిగ్గా అదే పొరపాటు, పెద్దల చేతిలో జరిగింది. ఆ ఫలితాల తర్వాతి రోజుల్లో రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు.

పెద్దల ఏమరుపాటుకు సాంకేతిక లోపం అని పేరు. కలిగినింటి పిల్లవాడి ఏమరుపాటుకు ఆ రోజు ఒంట్లో బాగాలేదు అని పేరు. మన పిల్లవాడి ఏమరుపాటుకు మాత్రం తెలివి లేదు, రిజర్వేషన్ వాడు అని పేరు. పని ఒకటే, పేర్లు మూడు. అందుకే మన పిల్లలు ఒక చిన్న తప్పు చేసినా దాన్ని తమ పుట్టుక మీదికి లాక్కుంటారు. ధమ్మం ఇక్కడ చాలా నిక్కచ్చిగా ఉంటుంది. తప్పు ఒక సంఘటన. దానికి కారణాలు ఉన్నాయి. అది మనిషి స్వభావం కాదు. నిత్యమైన ఆత్మే లేదన్నవాడి ధమ్మంలో నిత్యమైన మొద్దుతనం మాత్రం ఎక్కడుంటుంది?

చూళపంథకుడి కథ గుర్తుచేసుకుందాం. నాలుగు నెలలు కూర్చున్నా ఒక్క గాథ నోటికి రాలేదతనికి. సొంత అన్నే, తానూ భిక్ఖువే, నీవల్ల కాదు ఇంటికి పొమ్మన్నాడు. బుద్ధుడు పొమ్మనలేదు. ఒక శుభ్రమైన గుడ్డ చేతికిచ్చి, దాన్ని రుద్దుతూ గమనిస్తూ ఉండమన్నాడు. గుడ్డ మాసిపోతుంటే చూసి చూసి అతను మార్పు అనే సత్యాన్ని గ్రహించాడు. కథలోని మహిమల సంగతి పక్కన పెడదాం. గురువు చేసిన పని చూడండి. శిష్యుడికి తెలివి ఉందా లేదా అని తూచలేదు. అతని మనసు నిలవగలిగే ఒక చిన్న పని వెతికి ఇచ్చాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. తప్పు పోయిందని లోపల్లోపల కుమిలిపోతున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒంటరిగా ఉండకండి. అమ్మతోనో, అన్నతోనో, టీచర్‌తోనో, విహారంలో ఎవరితోనైనా సరే, ఆ రోజే చెప్పండి. మళ్లీ రాయలేని పరీక్ష లేదు. పెద్దలు ఆ రోజు చేయాల్సింది వినడం ఒక్కటే.

నూనె గిన్నె, వీణ తీగ

సంయుత్త నికాయంలో నూనె గిన్నె ఉపమానం ఉంది. ఊరంతా ఒక అందగత్తె నాట్యం చూడటానికి గుమిగూడింది. ఒక మనిషి చేతికి అంచు దాకా నూనె నింపిన గిన్నె ఇచ్చి ఆ జనం మధ్యలోంచి నడవమన్నారు. వెనకాల కత్తి పట్టుకుని ఒకడు. ఒక్క చుక్క ఒలికినా తల పోతుంది. అప్పుడతను నాట్యం వైపు చూస్తాడా? చూడడు. మనసంతా గిన్నె మీదే ఉంటుంది. సతి అలా ఉండాలని బుద్ధుడు చెప్పాడు.

పరీక్ష రాసే పిల్లలకు ఇది బాగా సరిపోయే ఉపమానం. కానీ మనం పెద్దలం ఈ కథలో ఏ వేషం వేస్తున్నామో చూసుకోవాలి. గిన్నె పట్టుకోవడం నేర్పడం మానేసి, వెనక కత్తి పట్టుకునే పని తీసుకుంటున్నాం. "సీటు రాకపోతే నా మొహం చూడకు." "నీ మీద ఇంత ఖర్చు పెట్టాం." ఇవన్నీ కత్తులే. కత్తి భయంతో ఒకరోజు గిన్నె ఒలక్కపోవచ్చు. రోజూ ఆ భయంలో నడిచేవాడి చేతులు వణుకుతాయి, వణికే చేతుల్లోంచే నూనె ఒలుకుతుంది.

అందుకే దీని పక్కన సోణుడి కథ కూడా పెట్టుకోవాలి. పాదాలు రక్తమోడేలా నడక సాధన చేసి, అయినా ఫలితం లేక నిరాశపడ్డ సోణుణ్ణి బుద్ధుడు వీణ గురించి అడిగాడు. సోణుడు ఇంటి దగ్గర వీణ వాయించినవాడు. తీగ బాగా బిగిస్తే పలుకుతుందా? పలకదు. వదులుగా ఉంటే? అప్పుడూ పలకదు. సమంగా ఉంటేనే పలుకుతుంది. సాధనా అంతే. రోజుకు పదహారు గంటలు పుస్తకం ముందు కూర్చోబెట్టే చదువుకు అప్పమాదం అని పేరు పెట్టకూడదు. అది బిగిసిన తీగ. రేపు చూద్దాంలే అనేది వదులు తీగ.

సాధన ఎలా?

మాటలు చాలించి చేయాల్సినవి చెప్పుకుందాం. ఇవి మహిమలు కావు, అలవాట్లు. హాల్లో కొత్తగా పుట్టవు, ముందునుంచీ చేస్తేనే ఆ రోజు చేతికి వస్తాయి.

ఒకటి, తప్పుల నోట్‌బుక్. ప్రతి మాక్ టెస్ట్ తర్వాత పోయిన ప్రశ్నలన్నిటినీ నాలుగు రకాలుగా రాయండి. తెలియక పోయినవి. ప్రశ్న సగమే చదివి పోయినవి. లెక్కలో జారినవి. తెలిసి బబుల్ తప్పు పెట్టినవి. ఆ పక్కన ఆ సమయంలో మనసు ఎలా ఉందో ఒక్క మాట. తొందర, విసుగు, నిద్ర, భయం. పది టెస్టులు అయ్యేసరికి మీ ఏమరుపాటుకు ఒక తీరు కనిపిస్తుంది. ఒకరికి చివరి అరగంటలోనే జారుతుంది. ఒకరికి కఠినమైన ప్రశ్న తర్వాత వచ్చే తేలిక ప్రశ్నలో జారుతుంది. తీరు తెలిస్తే మందు తెలుస్తుంది. ఈ నోట్‌బుక్ తిట్టడానికి ఎవరికీ చూపించేది కాదు.

రెండు, ప్రశ్నను చివరిదాకా చదవడం. తెలుగులో వ్యతిరేకం వాక్యం చివర్లో వస్తుంది. "కింది వాటిలో సరైనది" అని చూసి ఆగిపోతే, ఆ తర్వాత "కానిది ఏది" అని ఉన్నట్టు కనపడదు. కానిది, లేనిది, తప్ప, మాత్రమే అన్న మాటల కింద గీత పెట్టడం అలవాటు చేసుకోండి. పేపర్ రెండు భాషల్లో ఉంటే, అర్థం తేడాగా అనిపించినప్పుడు రెండో భాషలోనూ చూడండి. మొదటి ఆప్షన్ నచ్చినా నాలుగూ చదవండి.

మూడు, ఓఎంఆర్. హాల్ టికెట్ నంబరు, బుక్‌లెట్ సీరీస్ మొదట నింపి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి సరిచూడండి. పెన్నుతో నింపింది తుడవలేం. ఒక ప్రశ్న వదిలేస్తే అసలు చిక్కు అక్కడే. 47 వదిలి 48 జవాబు 47 వరసలో నింపితే అక్కడినుంచి అన్నీ ఒక మెట్టు జరిగిపోతాయి. బబుల్ నింపే ముందు ప్రశ్న నంబరు మనసులో అనుకోండి. ప్రతి ఐదు ప్రశ్నలకూ ఒకసారి రెండు నంబర్లూ కలుస్తున్నాయో లేదో చూడండి.

నాలుగు, రఫ్ వర్క్. చిత్తుపనే కదా అని చెల్లాచెదురుగా రాయొద్దు. ప్రశ్న నంబరు వేసి వరసగా చేయండి. మైనస్ గుర్తు, యూనిట్లు జారేది అక్కడే.

ఐదు, శ్వాస. సతిపట్ఠానంలో చెదిరిన మనసును చెదిరిన మనసుగా తెలుసుకోమన్నారు. దాన్ని తిట్టమనలేదు, బలవంతంగా కట్టేయమనలేదు. ప్రతి 25 ప్రశ్నలకు ఒకసారి పెన్ను పక్కన పెట్టి మూడు శ్వాసలు గమనించండి. భయం ఉంటే "భయం ఉంది" అని గుర్తించండి, అంతే. 150 ప్రశ్నల పేపర్‌లో ఇవి ఐదారుసార్లు, అన్నీ కలిపి ఒకటి రెండు నిమిషాలు. దీనికి రోజూ పొద్దున పది నిమిషాల ఆనాపానసతి ముందునుంచే ఉండాలి.

ఆరు, జవాబు మార్చడం. కారణం కనిపిస్తే మార్చండి. ప్రశ్న తప్పుగా చదివానని తెలిసిందా, మార్చండి. ఊరికే గుండె దడగా ఉందని మార్చొద్దు. అది ఐదో నీవరణం.

ఇక ఇంటివాళ్ల పాలు. పరీక్ష వారంలో రాత్రి నిద్ర కాపాడండి. ఇంట్లో ఆ వారం తాగుడు, తగాదా ఉండకూడదు. ఇది పిల్లలు పెట్టే షరతు కాదు, మన ఐదో శీలమే. నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వని పరీక్షలు ఉన్నాయి కాబట్టి సెంటర్ ఎక్కడో ముందురోజే చూసి రండి.

విహారాల, అంబేడ్కర్ భవనాల పాలు కూడా ఉంది. ఏప్రిల్ 14న, అక్టోబర్ 14న మైకు పెట్టి ఊరుకుంటే చాలదు. ఇంట్లో ఒకే గదిలో అయిదుగురు ఉండే పిల్లలకు సాయంత్రం ఆ హాలు తెరిచి, లైటూ ఫ్యానూ మంచినీళ్లూ ఉంచితే అదే పెద్ద దానం. ఆదివారం ఓఎంఆర్ నమూనా కాగితాలతో అసలు పరీక్షలాగే మాక్ టెస్ట్ పెట్టండి. ఉద్యోగాలు వచ్చినవాళ్లు వచ్చి తప్పుల నోట్‌బుక్ ఎలా రాయాలో దగ్గరుండి నేర్పండి. ఎరుకకు పరిస్థితులు కావాలని ఒప్పుకున్నాం కదా. ఆ పరిస్థితుల్ని తయారుచేయడం సంఘం చేయాల్సిన పని.

ఎందుకోసం ఈ ఎరుక?

చివరిగా ఒక హెచ్చరిక. ఏకాగ్రత దానంతట అదే మంచిది కాదు. గురిపెట్టిన వేటగాడికీ ఏకాగ్రత ఉంటుంది. పేపర్ లీక్ చేసేవాడు చాలా జాగ్రత్తగానే పని చేస్తాడు. అందుకే అష్టాంగ మార్గంలో సతికి ముందు సమ్మా అన్న మాట ఉంది. సమ్యక్ స్మృతి శీలంతో కలిసి నడవాలి. కాపీ కొట్టి తెచ్చుకున్న ర్యాంకు ఇంకొక ఇంట్లో ఇలాగే కమ్మలు తాకట్టు పెట్టి చదివిన పిల్ల సీటు తినేస్తుంది.

ఇంకొకటి, మార్కుల్ని మనిషి విలువగా చూడొద్దు. పరీక్షే పెట్టకుండా, పుట్టకముందే మనుషులకు మార్కులు వేసిన వ్యవస్థ కులం. దాన్ని కాదని బయటికి వచ్చిన మనం ర్యాంకులతో కొత్త వర్ణాలు కట్టుకోకూడదు. సీటు వచ్చిన పిల్లా, రాని పిల్లా విహారంలో ఒకే చాప మీద కూర్చోవాలి.

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. తెలిసిన జవాబు తప్పు పోయినప్పుడు అది పాపమూ కాదు, రాతా కాదు, తెలివి తక్కువా కాదు. అది కారణాలున్న ఒక సంఘటన. ఆ కారణాల్లో కొన్ని పిల్లల చేతిలో ఉన్నాయి, వాటిని వాళ్లు చూసుకోవాలి. కొన్ని ఇంట్లో ఉన్నాయి, వాటిని మనం చూసుకోవాలి. కొన్ని సమాజంలో ఉన్నాయి, వాటి మీద కలిసి పోరాడాలి. ఎవరి పాలు వాళ్లు ఎరిగి చేయడమే అప్పమాదం. ఈసారి మీ అమ్మాయి వచ్చి "చూసుకోకుండా తప్పు పెట్టేశానమ్మా" అంటే తిట్టొద్దు, రాత అనొద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం పెట్టి, "ఎక్కడ జారిందో చూద్దాం పట్టు తల్లీ" అనండి.

జై భీమ్. నమో బుద్ధాయ.